కటుంబి గోడ వెనుక బురద

బస్సు ఇరుసు విరిగింది గనక నడక తప్పలేదు. వోటే ఊరి నుంచి వచ్చే ఆ మట్టిదారిలో బస్సులు విరగడం వింత కాదు. విరిగాక కూడా డ్రైవరు సీట్లోంచి దిగకుండా "అయిదు నిమిషాలు" అంటూ కూర్చోవడమూ వింత కాదు. నేను నా సంచి భుజాన వేసుకుని దిగాను. ఇతుమో గట్టు మీది ఊరి దాకా రెండు గంటల నడక. అక్టోబరు చివరి వారం. నేల పొయ్యి మీద మరిచిపోయిన పెనంలా ఉంది. తూర్పు కొండల వెనక మబ్బు మాత్రం మూడు రోజులుగా వచ్చి తొంగి చూసి పోతోంది, పిల్లను చూసి ఏ సంగతీ తేల్చకుండా లేచిపోయే పెళ్ళివారిలాగా.

వెనక నుంచి ఎవరో అన్నారు. "పక్కకి నడువయ్యా. నీ కాళ్ళ దుమ్మంతా నా నోట్లోకే వస్తంది."

తిరిగి చూస్తే ఒకావిడ. అరవై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, లేసో గుడ్డ నడుముకి బిగించి ఉంది. తల మీద బిందె లేదు, మూట లేదు. ఆ దారిలో తల ఖాళీగా ఉన్న ఆడమనిషి కనబడటమే అరుదు. భుజం మీద మాత్రం మనిషెత్తు గడ్డపార. పోల్చుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"నువ్వు కటుంబివి కదూ? ముతెంగి తల్లివి?"

"నువ్వు ఆ చెక్క ఏనుగులు చెక్కేవాడివి. చచ్చిపోయావన్నారే."

"ఎవరన్నారు?"

"వవీన్య."

"ఎప్పుడంది?"

"అనలేదులే. కానీ అనే మనిషే. అందుకని ముందు నేనే అనేశా."

ఈ ఒక్క ముక్కతో కటుంబి జీవితం సగం చెప్పేసినట్టే. తక్కిన సగం గడ్డపార మీద ఉంది.

"అదెందుకు?" అన్నాను.

"గోడ పడగొట్టడానికి. మొన అరిగితే పదును పెట్టించుకొస్తన్నా."

"ఎవరి గోడ?"

"నాదే. ఇంకోళ్ళదయితే ఇట్లా దారమ్మట చూపించుకుంటా పోతానా?"

మా వాగుల సంగతి ఒక ముక్క చెప్పాలి. అవి ఏడాదిలో పది పన్నెండు రోజులు పారతాయి. పారినప్పుడు ఆవులనూ చెట్లనూ మోసుకుపోతాయి. మిగతా రోజుల్లో వాగంటే వట్టి ఇసుక దారి. నీళ్ళు ఆ ఇసుక కింద ఉంటాయి. చేత్తో చెలమ తవ్వి, చిప్పతో తోడుకుని, బిందె నింపుకోవడమే మా ఆడవాళ్ళ వేసవి. వాగుకి అడ్డంగా రాళ్ళతో ఒక గోడ కడితే దాని వెనక ఇసుక మేట వేస్తుంది, ఆ ఇసుక కడుపులో నీళ్ళు నిలుస్తాయి. ఎండ తాగలేదు, పశువు కెలకలేదు. అలాంటి గోడ ఒక్కటి సరిగ్గా పడితే ఇరవై ఆరు ఇళ్ళ ఆడవాళ్ళ తలల మీద నుంచి నాలుగు గంటల నడక దిగిపోతుంది. ఇతుమో గట్టు కింద వాగులో అలాంటి గోడలు రెండున్నాయి. కింది మలుపులో వవీన్యది. పై మలుపులో కటుంబిది. ఒకటి పనికొచ్చింది, ఒకటి పనికిరాలేదు. ఈ కథంతా అదే.

ఇద్దరూ ఒకే నెలలో ఆ గట్టుకి కోడళ్ళుగా వచ్చారు. కటుంబి ఇల్లు తూర్పు వాలున, వవీన్య ఇల్లు పడమటి వాలున, మధ్యలో వాగు. ఒకరి పొయ్యి పొగ ఒకరికి కనబడుతుంది. ఎవరు ముందు లేచారో, ఎవరింట్లో ఆ పూట రెండోసారి పొయ్యి రాజేశారో దాచుకోవడానికి వీల్లేదు.

వవీన్య చేలో వాలుకి అడ్డంగా కందకం తవ్వి, మట్టి పైకి విసిరి గట్టు పోసింది. వానకి మట్టి కొట్టుకుపోలేదు. మరుసటి ఏడు కటుంబి రెండు గట్లు పోసింది. వవీన్య మూడు పోసింది. కటుంబి మొగుడు బతిమాలాడట, "ఇంక చేను మిగల్లేదే, అంతా గట్లే అయింది" అని. వవీన్య గట్ల మీద పశుగ్రాసం నాటింది. కటుంబి గ్రాసంతో పాటు కంది వేసింది. వవీన్య ఇంటి రేకుల చూరుకి గొట్టం కట్టి వాన నీళ్ళు తొట్టిలోకి పట్టింది. కటుంబి తన ఇంటికీ కట్టింది, మేకల కొట్టానికీ కట్టింది. ఆఖరికి కోళ్ళ గూటికి కూడా సగం కోసిన డబ్బా రేకు వంచి కట్టి, దాని కింద ఒక తప్పేలా పెట్టింది. మేకలను కట్టేసి మేపడం, కట్టెలు సగం మిగిల్చే మట్టిపొయ్యి, దొడ్డి ఎరువు కుప్ప, ఏది తీసుకున్నా ఇంతే. జిల్లా నుంచి మనుషులు వచ్చి ఇతుమో గట్టు పచ్చగా ఎందుకుందని అడిగితే ఊరి పెద్దలు ఐకమత్యం అని చెప్పారట. నేనక్కడ ఉంటే పడమటి వాలు పొగనూ తూర్పు వాలు పొగనూ చూపించేవాణ్ణి.

మొంబాసాలో నేను చెక్క ఏనుగులు చెక్కిన రోజుల్లో ఇద్దరు పనివాళ్ళను చూశాను. ఇరవై ఏళ్ళు వీపు వీపు ఆనించి కూర్చున్నారు, ఎదుటివాడి ఉలి కంటబడకూడదని. టీ తెచ్చేవాడు రాగానే మాత్రం ఇద్దరూ ఒకేసారి మెడ తిప్పేవాళ్ళు. వాళ్ళ ఏనుగుల్లో తప్పు పట్టడానికి ఎవరికీ చేతయ్యేది కాదు. ఒకడు పోయాక రెండోవాడి ఏనుగులు ఆర్నెల్లలో పందులయ్యాయి. కటుంబి పక్కన నడుస్తుంటే వాళ్ళే గుర్తొచ్చారు. ఆ మాట ఆమెతో అంటే ఆమె ఒక్కటే అడిగింది. "ముందు పోయింది ఎవరు? బాగా చెక్కేవాడా, రెండోవాడా?"

"నా గోడ కథ నీకు తెలుసుగా?" అంది కటుంబి.

"సగం విన్నా."

"సగం అంటే వవీన్య వైపు సగం. నా వైపు విను."

మా దగ్గర మ్వేత్య అని ఒక కట్టుబాటు ఉంది. గట్టులో ఎవరికి పెద్ద పని పడినా అన్ని ఇళ్ళూ కలిసి చేస్తాయి. పని ఎవరిదో వాళ్ళే ఇంటింటికీ నడిచి, మొహం చూసి, నోటితో పిలవాలి. మొదట మ్వేత్య పెద్ద ఇల్లు, తరవాత వరసగా మిగతావి. ఒక్క ఇల్లు వదిలినా ఎవరూ రారు. పిలిచాక వద్దనడానికి లేదు. వచ్చిన వాళ్ళకి పిలిచినవాళ్ళే వండిపెట్టాలి. వవీన్య తన గోడకి పిలిచినప్పుడు కటుంబి కూడా వెళ్ళి రాళ్ళు మోసింది.

"చిన్నవి ఏరి మోశా," అంది. "అబద్ధమెందుకు? పెద్దవి మోసే ఓపికుంది. చిన్నవే ఏరా."

వవీన్య గోడ మూడు వానలకు మూడు వరసలుగా లేచింది. మొదటి ఏడు మోకాలెత్తు. ఆ ఎత్తు ఇసుకతో నిండాక ఇంకో వరస. అది నిండాక ఇంకోటి. మూడో వేసవికి చెలమలో చెయ్యి పెడితే నీళ్ళు. వయసులోని కోడళ్ళు అక్కడ తోడుకుంటూ నవ్వుకుంటుంటే ఆ నవ్వు పై మలుపులో కటుంబి ఇంటికి వినబడేది. పైగా కటుంబి కూడా ఆ చెలమ దగ్గరికే పోవాలి. వంగాలి. వవీన్య ఒడ్డు మీద కూర్చుని "రావే, నిండా తీసుకో" అనేది.

"నిండా తీసుకో అంటదా? ఆ మాట అనకుండా ఉంటే ఏం? నేను సగం తీసుకుంటానన్నానా?"

అయిదేళ్ళ కిందట తన మలుపులో గోడ కట్టడానికి కటుంబి పిలిచింది. అందరూ వచ్చారు. మోకాలెత్తు లేచింది. మేస్త్రీ తాపీ కడుక్కుంటున్నాడు. కటుంబి ఆపొద్దంది. ఇంకా లేపమంది. వవీన్య గంప దించి అన్నది ఇంతే. "ఒక్క వాన ఆగవే. ఇసుక రానీ."

"మూడేళ్ళు నన్ను తన చెలమకి తిప్పుకుందామని ఆ మాటంది అనుకున్నా," అంది కటుంబి. "మేస్త్రీని కూర్చోనివ్వలా. మనిషెత్తు లేపించా. వవీన్య గోడ కన్నా జానెడు ఎక్కువ. నేనే కొలిచా, దారం పెట్టి."

గోడ పొట్టిగా ఉంటే వరద దాన్ని దూకుతూ పోతుంది. బరువైన ఇసుక అడుగున ఆగిపోతుంది, తేలికైన బురద నీళ్ళతో పాటు దూకి పోతుంది. గోడ ఒక్కసారే ఎత్తు లేస్తే వరద దాని వెనక చెరువులా నిలబడుతుంది. నిలబడిన నీళ్ళలో బురద తాపీగా దిగి కూర్చుంటుంది. కటుంబి గోడ వెనక ఒక్క వానకే నడుమెత్తు మేట నిండింది. గట్టంతా చూడటానికి వచ్చింది. ఎండలు ముదిరాక చెలమ తవ్వితే మోచేయి దాకా నల్ల బురద, దాని కింద గట్టి బురద. చుక్క నీళ్ళు లేవు. కప్ప ఒకటి బయటికి గెంతితే ఎవరో "ఇదిగో కటుంబి నీళ్ళు" అని నవ్వారు. వవీన్య నవ్వలేదు. అదే కటుంబి క్షమించలేకపోయింది.

అప్పటి నుంచి ఆ బురద మీద ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు. మేక దిగినా రాయి విసిరేది.

"అంతకంటే పెద్దది ఇంకోటుంది," అంది. దారి వాగులోకి దిగుతోంది. గొంతు తగ్గించింది, చుట్టుపక్కల కంప చెట్లు తప్ప ఎవరూ లేకపోయినా. "పై నుంచి వచ్చే బురదంతా నా గోడ ఆపుతంది. దాంతో వవీన్యకి వట్టి ఇసుకే దిగుతంది. కడిగిన బియ్యంలా. ఈ అయిదేళ్ళలో ఆమె చెలమ ఒక్క వేసవి కూడా ఎండలా. నా గోడ ఆమెకి జల్లెడయింది. రాళ్ళు నావి, సిగ్గు నాది, నీళ్ళు ఆమెవి."

"మరి ఇప్పుడు పడగొడితే?"

"ఆరు రోజులుగా పడగొడతన్నా. పది రోజుల్లో వాన. ఈలోపు పై వరసలు దించితే మొదటి వరదకే బురద కొట్టుకుపోద్ది. ఆ తరవాత మోకాలెత్తు నుంచి మళ్ళీ మొదలెడతా. ఈ వాన తప్పితే ఇంకో ఏడు. ఇంకెన్ని ఏళ్ళున్నాయి నాకు?"

"కొట్టుకుపోయి ఎక్కడికి పోద్ది?"

"నీళ్ళు ఎటు పోతే అటు."

"కింద వవీన్య చెలమ ఉంది."

ఆమె గడ్డపార భుజం మార్చుకుంది. "ఉంటే ఉండనీ. వాగుని వాలుగా తవ్వింది నేనా?"

"అందులో ఇరవై ఆరు బిందెలు మునుగుతాయి కటుంబీ. ఒకటి నీది."

"నేను కొండ కింద బోరింగుకి పోతా."

"నాలుగు గంటలు."

"కాళ్ళున్నాయి."

మిగతా పాతిక మంది కాళ్ళ మాట నేను ఎత్తలేదు. ఆమె నడకలోనే తెలుస్తోంది, ఆ మాట ఆరు రోజులుగా ఆమె లోపల తిరుగుతూనే ఉందని. మ్వేత్యను పిలవకుండా ఒక్కతే గడ్డపార పట్టడానికి కారణమూ అదే. ఈ ఏడు మ్వేత్య పెద్ద వవీన్య. పిలవాలంటే ముందు ఆ గుమ్మంలోనే నిలబడాలి.

వాగులోకి దిగాం. గోడ పొడుగు ఎనిమిది అడుగులేస్తే అయిపోతుంది, అంత చిన్న వాగు. పై వరసలో అయిదు రాళ్ళు ఊడి కింద పడి ఉన్నాయి. ఆరు రోజులకి అయిదు రాళ్ళు. గోడ వెనక నలభై అడుగుల మేర బురద ఎండి పలకలు పలకలుగా విచ్చుకుంది. ఆ పగుళ్ళలో నుంచి గడ్డి మోకాలెత్తు లేచి ఉంది. అక్టోబరు నెలలో, కనుచూపు మేరలో, పచ్చగా ఉన్నది అదొక్కటే. నేనా గడ్డి చూస్తున్నాను. కటుంబి చూడలేదు. అయిదేళ్ళుగా ఆమె అటు చూడటం మానేసింది.

ఆమె గోడెక్కి ఆరో రాయి సందులో గడ్డపార దూర్చింది. రాయి కదల్లేదు. రెండోసారి కూడా.

"ఆ పట్టేంటే? జావ కలుపుతున్నావా?"

పడమటి ఒడ్డు మీద వవీన్య. పొట్టి మనిషి, గుండ్రటి మొహం. చంకలో గంప, చేతిలో పార.

"నీ జావ నువ్వు తాగు, పో," అంది కటుంబి తలెత్తకుండానే.

"పోతాలే. నీ పని నువ్వు కానివ్వు. నేను నాలుగు గంపలు ఎత్తుకుని పోతా." వవీన్య ఒడ్డు దిగి వచ్చి, చెప్పులు విడిచి, బురద పలకల మీద పార దించింది. పలక విరిగింది. లోపల నల్లగా, మెత్తగా, చెమ్మగా మట్టి. దాన్ని చేత్తో పిసికి వాసన చూసింది. "అరటి మడికి."

కటుంబి గోడ మీద నిటారుగా నిలబడింది. "ముట్టుకోవద్దు. అది నాది."

"నీదా? అయిదేళ్ళు దీన్ని చూసి ఉమ్మావు."

"ఉమ్మినా నాదే."

"సరే, నీదే. కానీ నువ్వే కదే నాకు పంపిస్తన్నావు. ఆ గోడ దించు, వాన రానీ, మొత్తం వచ్చి నా మలుపులో దిగుద్ది. మోసే పనుండదు, పిలిచే పనుండదు, ఎవరికీ వండక్కర్లేదు. కొండ మట్టి, ఆకు మట్టి, అయిదేళ్ళ పేడ. నేను ఆగలేక ముందే నాలుగు గంపలకొచ్చా, అంతే."

"నీ చెలమ పూడిపోద్ది."

"పూడనీ. దాని మీద అరటి వేస్తా. గట్టు మొత్తం మీద అరటి తోట నాకొక్కదానికే. నువ్వు తూర్పు నుంచి చూద్దువు గాని, ఆకులు ఊగుతుంటే."

వవీన్య గంప నింపడం మొదలెట్టింది. నిదానంగా, ఒక్కొక్క గడ్డనూ చిదిపి మరీ నింపుతోంది. రెండో పారకి మూడో పారకి మధ్య కటుంబి మొహంలో ఏం జరిగిందో నేను ఉలితో కూడా దించలేను. ఆమె మొదట బురద వైపు చూసింది. తరవాత గడ్డి వైపు. ఆ తరవాత తూర్పు వాలున తన చేలో పై రెండు గట్ల వైపు. అక్కడ రాళ్ళు తేలి, పెసర కూడా జానెడు మించి లేవదు. పెదాలు కదులుతున్నాయి. గంపలు లెక్క పెడుతోంది.

గడ్డపార చేతిలోంచి జారి గోడ మీద మోగింది.

"దించు ఆ గంప."

"దించకపోతే?"

"వవీన్యా, దించు. ఈ మట్టి నా చేలోకి పోద్ది. గంప కూడా కిందికి పోదు."

"ఒక్కదానివే మోస్తావా? ఇంత మట్టి? పది రోజుల్లో?"

కటుంబి మబ్బు వైపు చూసింది. అది ఈసారి కొండ దాటి ఇవతలికి వచ్చి కూర్చుంది. వవీన్య పారకు ఆనుకుని నిలబడింది, తొందర లేనట్టు. కటుంబి పక్కకు తిరిగి, ఒడ్డున ఉన్న కంప చెట్టుతో చెప్పినట్టు చెప్పింది.

"రేపు పొద్దున రా."

"ఎవరు? ఆ చెట్టా?"

"వినబడిందిగా."

"మొహం చూసి పిలవాలి. నేను పెట్టిన కట్టుబాటు కాదు అది."

అయిదేళ్ళు. ఆవిడ మెడ తిప్పడానికి ఎంతసేపు పట్టిందంటే, నేను నా సంచి దించి మళ్ళీ ఎత్తుకున్నాను.

"వవీన్యా, రేపు పొద్దున నా వాగులో మ్వేత్య. రా."

"ఏం వండుతున్నావు?"

"ముథొకోయి. దంచిన మొక్కజొన్న ఉంది, కందులు కలుపుతా."

"కిందటిసారి ఉప్పు తక్కువైంది."

"కిందటిసారి రెండుసార్లు పెట్టించుకున్నావు."

"ఉప్పు తగులుద్దేమోనని." వవీన్య గంప బోర్లించింది. మట్టి మళ్ళీ బురద మీదే పడింది. "మట్టి అంతా నీకు పట్టదు. నీ గట్లు నిండాక మిగిలింది వరసగా అందరికీ. గోడ కూడా రేపే దించుదాం. మోకాలెత్తుకి."

"నడుమెత్తు."

"మోకాలెత్తు."

"మోకాలి మీద బెత్తెడు."

"మోకాలు."

"ఎవరి మోకాలు? నీదయితే చీలమండ ఎత్తు కూడా ఉండదు."

"నీదే. పొడుగు కాళ్ళు ఎందుకున్నాయి మరి?"

కటుంబి గోడ దిగి వచ్చి, దాని పక్కన నిలబడి, తన మోకాలి ఎత్తున రాయి మీద గోటితో ఒక గీత గీసింది. అది చాలదనిపించి బురద తీసి ఆ గీత మీద రుద్దింది. తరవాత తూర్పు ఒడ్డెక్కింది. మిగతా ఇళ్ళన్నీ పొద్దుగూకేలోపు తిరగాలి.

ఒడ్డు మీదికి చేరాక ఎందుకో ఆగింది. వాగు అవతల పడమటి వాలు మొత్తం అక్కణ్ణుంచి కనబడుతుంది. వవీన్య ఇల్లు, తొట్టి, చూరు గొట్టం, ఏడు గట్లు, వాటి మీద ఎండిన గ్రాసం. వెనకే ఎక్కి నేనూ చూశాను. ఆ వాలంతా వెతికినా ఒక్క అరటి ఆకు లేదు. ఎప్పుడూ లేదు. ఆ గట్టు మీద అరటి వేసినవాళ్ళే లేరు.

కటుంబి నోరు తెరిచింది. కింద వవీన్య చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, అటు చూడనే లేదు.

పిలిచాక వద్దనడానికి లేదు. పిలిచినవాళ్ళకీ అదే కట్టుబాటు. కటుంబి తెరిచిన నోరు మూసుకుంది. గోడ మీద గడ్డపార అలాగే ఉంది. "కటుంబీ, అది?" అన్నాను. ఆమె చేతికంటిన బురదను లేసోకి తుడుచుకోకుండా, పిడికిలి అట్లాగే మూసి పట్టుకుని, మొదటి ఇంటి కంచె వైపు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళిపోయింది.